తెలియకుండా తలూపిన అమ్మాయికి

గుంటూరులోని ఒక నర్సింగ్ కళాశాలలో బీఎస్సీ రెండో సెమిస్టరు చదువుతున్న అమ్మాయి రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దని కోరింది. పల్నాడు పల్లె నుంచి వచ్చిన పిల్ల. పదో తరగతి, ఇంటర్ బైపీసీ రెండూ తెలుగు మీడియమే. తండ్రి మిర్చి యార్డులో హమాలీ. తల్లి సీజనులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతుంది. ఇంట్లో ఇంటర్ దాటి చదువుతున్న మొదటి మనిషి ఈమే.

సర్జికల్ వార్డులో పోస్టింగ్ పడిన కొత్తలో జరిగింది గొడవ. సాయంత్రం రౌండ్స్‌లో డాక్టరు ఒక పెద్దాయన మంచం దగ్గర ఆగి, మర్నాడు హెర్నియా ఆపరేషన్ అని, రాత్రి పది నుంచి ఎన్‌బీఎం అని చెప్పి ముందుకు సాగారు. స్టాఫ్ నర్సు ఈమె వైపు తిరిగి ‘విన్నావుగా?’ అన్నారు. ఈమె తల ఊపింది. మర్నాడు ఉదయం డ్యూటీకి వచ్చేసరికి పెద్దాయన భార్య క్యారేజీ విప్పుతూ ‘ఇడ్లీ పెట్టొచ్చా అమ్మా?’ అని అడిగితే ‘పెట్టండి’ అంది. చట్నీలో ముంచిన ముక్క ఆయన నోటి దాకా వెళ్లింది. స్టాఫ్ నర్సు చూసి పరుగున వచ్చి ఆపారు. ఆపరేషన్ అనుకున్న సమయానికే జరిగింది, పెద్దాయనకు ఏమీ కాలేదు. ఈ అమ్మాయికి మాత్రం వార్డు నడిబొడ్డున, తోటి విద్యార్థుల ముందు చీవాట్లు పడ్డాయి. చివరిగా వచ్చిన మాట ఇది: ‘తెలుగు మీడియం వాళ్లను అసలు ఎందుకు చేర్చుకుంటారో!’

అప్పటి నుంచి రౌండ్స్‌లో అందరికంటే వెనుక నిలబడుతోంది. హాస్టల్ గదిలో తోడున్న అమ్మాయి హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం చదివిన పిల్ల, వైద్య పదాలను జాబితాలుగా బట్టీ కొట్టి గడగడా అప్పజెబుతుందట. ఈమె కూడా ఒక మెడికల్ డిక్షనరీ కొని మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టి, ఆ అక్షరం పూర్తికాకుండానే వదిలేసింది. విజయవాడలో ఆదివారాలు నడిచే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరమని, ఫీజు తాను కడతానని మేనమామ అంటున్నాడు. నాన్న ‘అంత కష్టమైతే మానేసి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరమ్మా’ అన్నాడు. అమ్మకు ఇడ్లీ సంగతి తెలియదు. ‘ఆ పదాలు నా నోటికి రావడం లేదు మేడమ్. నేను ఈ చదువుకు తగనా?’ అని ఉత్తరం ముగించింది.

*

అమ్మా, నేను పాఠాలు చెప్పిన పిల్లల వయసే నీది. అందుకని ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమనుకోకు.

ముందు ఆ ఇడ్లీ సంగతే తేల్చుకుందాం, ఎందుకంటే నువ్వు దాన్ని చూడాల్సిన చోట చూడడం లేదు. ఎన్‌బీఎం అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని. కొందరు ఎన్‌పీఓ అంటారు, అదీ ఇదే. మత్తు ఇచ్చినప్పుడు గొంతులోని రక్షణ చర్యలు మొద్దుబారతాయి. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఇడ్లీ వంటి తేలిక ఆహారమైనా మత్తుకు ఆరు గంటల ముందే ఆగాలి, నూనె వంటకాలూ మాంసమూ అయితే ఎనిమిది గంటలు. తేట నీళ్లను మామూలుగా రెండు గంటల ముందు వరకు ఒప్పుకుంటారు, అదీ మత్తు డాక్టరు చెబితేనే. కాబట్టి ఆ స్టాఫ్ నర్సు పరుగెత్తి రావడం నూటికి నూరు పాళ్లు సరైనది. గొంతు పెంచడం కూడా ఆ క్షణానికి అర్థం చేసుకోదగ్గదే.

ఇక నీ వైపు. ఎన్‌బీఎం అంటే నీకు తెలియకపోవడం తప్పు కాదు. మీ గదిలోని అమ్మాయి ఇంట్లో మాత్రం ‘ఈ రాత్రి నాన్న ఎన్‌బీఎం’ అని ఎవరైనా అంటారా? ఆ మాట ఇంగ్లీషు మీడియం బడిలోనూ చెప్పరు, తెలుగు మీడియం బడిలోనూ చెప్పరు. వార్డులోనే తెలుస్తుంది. నీ తప్పు తల ఊపడం. అది మీడియం వల్ల వచ్చింది కాదు, సిగ్గు వల్ల వచ్చింది. ఇంగ్లీషులో పుట్టి పెరిగిన విద్యార్థి కూడా తల ఊపే చోట తల ఊపుతాడు, ఫలితమూ ఒకటే. అలాగే, మొదటి ఏడాది విద్యార్థి ‘విన్నావుగా’ అనే ఒక్క మాటతో ఆ ఆర్డరును మోయాల్సింది కాదు. నోటిమాటగా వచ్చే ఆర్డరును విద్యార్థి తీసుకోకూడదు, రిజిస్టర్డ్ నర్సే తీసుకోవాలి. మంచానికి బోర్డు తగిలించడం, ఇంటివాళ్లకు తెలుగులో విడమరిచి చెప్పడం వార్డు సిబ్బంది పని. ఆ రాత్రి ఆ పెద్దావిడకు ఎవరో ఒకరు ‘రేపు పొద్దున ఏమీ పెట్టవద్దమ్మా, నీళ్లు కూడా వద్దు’ అని చెప్పి ఉంటే ఆవిడ క్యారేజీ తెచ్చేదే కాదు. ఇది నీ తప్పును తుడిచేయడానికి చెప్పడం లేదు. తప్పులో నీ వాటా ఎంతో అంతే మోయమని చెబుతున్నాను.

తెలుగు మీడియం గురించి ఆవిడ అన్న మాట మాత్రం అనవసరమైనది. ఈ వృత్తిలో అలాంటి మాటలు తరచూ వినిపిస్తాయి. అనేవాళ్లలో సగం మంది తామూ తెలుగు మీడియంలోనే చదివి ఉంటారన్నది నా అనుమానం.

నీ ఉత్తరం నిండా ‘ఇంగ్లీషు’ అనే ఒక్క మాటే ఉంది. కానీ అందులో మూడు వేర్వేరు సంగతులు చిక్కుపడి ఉన్నాయి. ఒకటి, పొట్టి అక్షరాలు: ఎన్‌బీఎం, బీడీ, టీడీఎస్ లాంటివి. రెండు, రోగాల పేర్లు, శస్త్రచికిత్సల పేర్లు. మూడు, వాక్యాలు కట్టి మాట్లాడే ఇంగ్లీషు. మూడింటికీ మందు వేరు. మేనమామ చూపిస్తున్నది మూడో దానికి మందు. నీకు నొప్పి మొదటి రెండు చోట్ల ఉంది.

పొట్టి అక్షరాలు కొద్దిపాటివే. డ్రగ్ చార్టులో రోజూ తిరిగేవి పది, పదిహేను. ఓడీ రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, క్యూఐడీ నాలుగుసార్లు, హెచ్ఎస్ పడుకునే ముందు, ఏసీ తిండికి ముందు, పీసీ తిన్నాక, స్టాట్ అంటే ఇప్పటికిప్పుడు. ఎస్ఓఎస్ అనగానే పిల్లలు ఆపద అనుకుని కంగారు పడతారు. అక్కడ దాని అర్థం ‘అవసరమైతే’ అని మాత్రమే. ఇవి చాలావరకు లాటిన్ మాటల ముక్కలు, ఇంగ్లీషు బాగా వచ్చినంత మాత్రాన తెలిసేవి కావు. వారం పది రోజుల్లో నోటికి వచ్చేస్తాయి. అయితే ఒక మాట. ఈ పొట్టి అక్షరాలను చదవడం నేర్చుకో గాని, రాయడంలో ఎంత పొదుపుగా ఉంటే అంత మంచిది. ఇన్సులిన్ 4 యూనిట్లు అని రాయడానికి అంకె పక్కన ఇంగ్లీషు ‘యు’ ఒక్కటే గీస్తే, చేతిరాతలో అది సున్నాలా కనబడి 40 అవుతుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ వాడకూడని పొట్టి రాతల జాబితాను 2004లో తెచ్చినప్పుడు ఈ ‘యు’ను అందులో పెట్టింది. చుక్క తర్వాత అనవసరమైన సున్నా కూడా ఆ జాబితాలోనే ఉంది, చుక్క చెరిగితే 5.0 కాస్తా 50 అవుతుంది గనక. కంటి వార్డుకు వెళ్లినప్పుడు ఓడీ అంటే కుడి కన్ను కూడా కావచ్చు. సందేహం వస్తే అడగమని ఇందుకే పదే పదే చెప్పేది.

ఇక పెద్ద పేర్లు. డిక్షనరీని మొదటి అక్షరం నుంచి చదివి వైద్యం నేర్చుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. మీ నాన్నగారు యార్డులో తేజ రకాన్ని, 334ను, తాలు కాయను చూడగానే వేరు చేస్తారు కదా, ఏ పుస్తకం చూసి నేర్చుకున్నారు? బస్తా ముందుంది, పేరు వినబడింది, రెండూ కలిసి గుర్తుండిపోయాయి. నీకు బస్తా బదులు మంచం మీద మనిషి ఉన్నాడు. అంతకంటే మంచి పుస్తకం దొరకదు.

ఆ ఇడ్లీ పెద్దాయన కేస్ షీటునే తీసుకో. అందులో హెర్నియోరఫీ అనో, హెర్నియోప్లాస్టీ అనో రాసి ఉంటుంది. చివర ‘రఫీ’ ఉంటే కుట్టడం. ‘ప్లాస్టీ’ ఉంటే సరిచేసి మలచడం, హెర్నియా విషయంలో చాలాసార్లు వల లాంటి మెష్ పెట్టి గట్టిపరచడం. పక్క మంచం మీద అపెండిసెక్టమీ అయిన కుర్రాడు ఉంటాడు. ‘ఎక్టమీ’ అంటే కోసి తీసేయడం. ఇంకో మంచం మీద పొట్టకు సంచి తగిలించుకున్న మనిషికి కొలాస్టమీ చేసి ఉంటారు, ‘ఆస్టమీ’ అంటే ఒక ద్వారం పెట్టడం. లాపరాటమీలోని ‘ఆటమీ’ కోసి తెరవడం. ఎక్టమీ, ఆస్టమీ, ఆటమీ: చెవికి దగ్గర దగ్గరగా వినబడే ఈ మూడూ ఒకే వార్డులో మూడు మంచాల మీద ఉంటాయి. ఆ ముగ్గురి డ్రెస్సింగు చూసిన రోజు వాటిని మరిచిపోవడం నీ వల్ల కాదు. ‘ఐటిస్’ అంటే వాపు, తాపం. ‘మెగలీ’ అంటే పెరిగిపోవడం. ‘ఎమియా’ రక్తానికి సంబంధించింది, ‘యూరియా’ మూత్రానికి. హెపటైటిస్, హెపటోమెగలీ పక్కపక్కన పెడితే కాలేయం మాట ఏదో ఎవరూ చెప్పకుండానే దొరుకుతుంది.

విడదీయడం నీకు కొత్త విద్య కాదు. తెలుగు మీడియంలో సంధులూ సమాసాలూ విడదీసి మార్కులు తెచ్చుకున్న పిల్లవి. అంతేకాదు, ఇంటర్ జంతుశాస్త్రంలో అధివృక్క గ్రంథి అని చదివావు కదా. వృక్కం పైన ఉండేది గనక అధివృక్కం. ఇంగ్లీషులో అడ్రినల్. అందులో ‘రీనల్’ వృక్కమే, ముందున్న ‘అడ్’ దాని చెంతనున్నదని చెబుతుంది. రెండు మాటల కట్టడమూ ఒకటే. పర్శుకాంతర కండరాలు అన్నావు, ఇక్కడ ఇంటర్‌కాస్టల్ అంటారు. నెఫ్రో, రీనల్ రెండూ కిడ్నీయే, రెండెందుకని విసుక్కోకు. ఒకటి గ్రీకు, ఒకటి లాటిన్. మనం మూత్రపిండం అనీ అంటాం, వృక్కం అనీ అంటాం, ఎప్పుడైనా ఇబ్బంది పడ్డామా?

గ్రీకు, లాటిన్, సంస్కృతం ఒకే కుదురు నుంచి వచ్చిన భాషలు. తెలుగులో మనం వాడే సంస్కృత పదాల ద్వారా ఆ చుట్టరికం నీకు సగం తెలుసు. ఆస్టియో అంటే ఎముక, మన అస్థి. నేసో అంటే నాసిక. డెంట్, ఒడాంట్ రెండూ దంతమే. జెను అంటే మోకాలు, జాను. పెరికార్డియంలోని ‘పెరి’ మన పరిసరాల్లోని ‘పరి’, చుట్టూ అని. అనారోగ్యంలోని ‘అన్’ రక్తహీనత అనే ఎనీమియాలో, మూత్రం రాకపోవడమనే అన్యూరియాలో ఉంది. దుర్వాసనలోని ‘దుర్’కు చుట్టమే, ఆయాసానికి పేరైన డిస్నియాలోని ‘డిస్’. ప్రతి మాటకూ ఇలా చుట్టరికం వెతుక్కుంటూ పోకు, కొన్ని చోట్ల బోల్తా కొట్టిస్తుంది. కొన్నింటికి పనిచేస్తే చాలు, భయం తగ్గుతుంది.

జాగ్రత్తగా ఉండాల్సిన జంటలు కొన్ని ఉన్నాయి. హైపో, హైపర్ వార్డు సందడిలో ఒకేలా వినబడతాయి, ఫోనులో మరీ. హైపోగ్లైసీమియా అంటే షుగర్ పడిపోవడం, హైపర్‌గ్లైసీమియా అంటే పెరగడం. ఒకరికి గ్లూకోజు కావాలి, ఇంకొకరికి ఇన్సులిన్ పడవచ్చు. తారుమారైతే ఏమవుతుందో ఊహించుకో. దీనికి విరుగుడు ఉచ్చారణ సాధన ఒక్కటే కాదు, అంకె అడగడం. ‘షుగర్ ఎంత సిస్టర్?’ అంటే 54 అనో, 354 అనో చెబుతారు. 70 కంటే తక్కువైతే హైపో అని నీకు తెలుసు, ఇక సందేహం ఉండదు. పొటాషియం విషయంలోనూ అంతే. పక్షవాతం వచ్చిన మనిషి కేస్ షీటులో డిస్‌ఫేజియా, డిస్‌ఫేసియా రెండూ ఉండవచ్చు. మొదటిది మింగలేకపోవడం, రెండోది మాటలు దొరక్క ఇబ్బంది పడడం. ఒక్క అక్షరం తేడాకు ఒకరి ముక్కులో గొట్టం పెట్టాల్సి రావచ్చు.

ఇంతవరకు నీకు రానివాటి గురించి చెప్పాను. నీ ఉత్తరంలో నువ్వు ఒక్క ముక్క కూడా రాయని సంగతి ఇంకొకటి ఉంది. రోగి భాష నీకు వచ్చు.

పక్షవాతం వచ్చిన ఆయన భార్య ‘నీళ్లు తాగిస్తుంటే పొలమారుతోందమ్మా’ అంటుంది. హైదరాబాదు అమ్మాయికి ఆ మాట అందకపోవచ్చు, ఏదో దగ్గు అనుకుంటుంది. నీకు తెలుసు, పొలమారడమంటే పోవలసిన దారిలో పోకపోవడమని. వెంటనే నీళ్లు ఆపించి, కూర్చోబెట్టి, సిస్టర్‌కు చెప్పాలి. కేస్ షీటులో దాన్ని డిస్‌ఫేజియా అనీ, ఆస్పిరేషన్ ప్రమాదం అనీ రాస్తారు. రోగి ఊపిరితిత్తులను కాపాడింది నీకు వచ్చిన ఆ పల్లె మాట. అలాగే ఆయాసం, గుండె దడ, కళ్లు తిరగడం, కాళ్లకు నీరు పట్టడం, అరికాళ్ల మంటలు, మూత్రంలో మంట. ఒక్కోదానికీ కేస్ షీటులో ఒక పేరుంది: డిస్నియా, పాల్పిటేషన్స్, గిడ్డీనెస్, పీడల్ ఎడీమా, బర్నింగ్ ఫీట్, డిస్యూరియా. నోట్‌బుక్కులో ఎడమ పేజీ మీద రోగి అన్నమాట అన్నట్టే తెలుగులో రాయి, కుడి పేజీ మీద దానికి కేస్ షీటులో కనబడిన మాట రాయి. పదం నుంచి అర్థానికి కాక, మనిషి నుంచి పదానికి వెళ్లు. రోజుకు ఒక్క రోగి చాలు.

ఇందులోనూ ఒక గోతి ఉంది. పాత నర్సులే పడుతుంటారు. రోగి ‘వేడి చేసింది’ అంటే అది జ్వరం కాదు. నోట్లో పుండ్లు కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు, కళ్ల మంటలు కావచ్చు. దాన్ని ఫీవర్ అని రాసేస్తే తప్పు. ‘గ్యాస్ పట్టేసింది’ అన్న యాభై ఏళ్ల మనిషి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చెమటలు కక్కుతుంటే, గ్యాస్ట్రైటిస్ అని రాసి ఊరుకుంటే అంతకంటే ఘోరం ఉండదు, అది గుండెపోటు కావచ్చు. ఇలాంటప్పుడు ఇంగ్లీషు పదం వెతకవద్దు. రోగి చెప్పిన మాటను కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది ఉన్నట్టు రాసి, నీ కంటికి కనబడినది పక్కన రాసి, వెంటనే సిస్టర్‌కు చెప్పు. రోగి ఫిర్యాదును అతని మాటల్లోనే నమోదు చేయాలన్నది మీకు నర్సింగ్ ఫౌండేషన్‌లో చెప్పేదే.

నోట్‌బుక్కులో ఇంగ్లీషు పదం కింద దాని పలుకుబడిని తెలుగు లిపిలో రాసుకోవడానికి సిగ్గుపడకు. న్యుమోనియా మాట ముందు పలకని ‘పి’ ఒకటి ఉంటుంది, కనురెప్ప వాలిపోయే టోసిస్‌కూ అంతే. ఇలాంటివి వింటే తప్ప తెలియవు, విన్నది తెలుగులో రాసుకుంటే తప్ప నిలవవు. రెండో ఏడాదికి ఆ తెలుగు వరుస అక్కర్లేకుండా పోతుంది. మీ గదిలోని అమ్మాయితో ఒక ఒప్పందం చేసుకో. ఆమె నీకు పలుకుబడి సరిచేస్తుంది. నువ్వు ఆమెకు పల్నాటి రోగులు ఏమంటున్నారో చెబుతావు. ఆమెకు నీ అవసరం ఎంతో నీకింకా తెలిసినట్టు లేదు.

ఇప్పుడు నీ ముందున్న దారుల సంగతి.

మేనమామ చెప్పిన క్లాసు. గుంటూరు నుంచి విజయవాడ ముప్పై అయిదు కిలోమీటర్ల పైచిలుకే, వెళ్లి రావడం పెద్ద పని కాదు. కానీ వారానికి నీకున్నది ఒక్క ఆదివారం. బట్టలు ఉతుక్కోవాలి, కేర్ ప్లాన్ రాయాలి, నిద్రపోవాలి. ఆ క్లాసులో నేర్పేది తన గురించి తాను చెప్పుకోవడం, ఇంటర్వ్యూలో కూర్చోవడం. హెర్నియోరఫీ అక్కడ దొరకదు. నలుగురిలో నోరు తెరవడం అలవాటవుతుంది, అది నిజమైన లాభమే. మొదటి సెమిస్టరులో మీకు కమ్యూనికేటివ్ ఇంగ్లీషు సబ్జెక్టు ఎలాగూ ఉంది, ఆ పాఠాలు చెప్పిన మేడమ్ దగ్గరకు వెళితే ఖర్చు లేకుండా కొంత పని జరుగుతుంది. నన్నడిగితే మేనమామ డబ్బును నాలుగో ఏడాదికి దాచమంటాను. బయటి దేశాలకు వెళ్లాలనుకుంటే అప్పుడు ఇంగ్లీషు నిజంగా కావాలి. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావడానికి ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షలో వినడం, చదవడం, మాట్లాడడంలో బి గ్రేడు, రాయడంలో సి ప్లస్ అడుగుతున్నారు. ఆ పరీక్ష వైద్య సందర్భాలతోనే ఉంటుంది, అప్పటికి నీ వార్డు అనుభవమంతా అక్కరకు వస్తుంది. అయితే ఇప్పుడే వెళ్లాలని నీకు గట్టిగా అనిపిస్తే, సెలవుల్లో వెళ్లు, పోస్టింగ్ నెలల్లో వద్దు. విజయవాడ వెళ్లిన రోజున ఏలూరు రోడ్డు మీద లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లు చూడు, నర్సులకు పనికొచ్చే చిన్న జేబు డిక్షనరీ దొరకవచ్చు. వరసగా చదవడానికి కాదు, వార్డులో జేబులో పెట్టుకోవడానికి.

నాన్న చెప్పిన ల్యాబ్ కోర్సు. ఆయన ప్రేమతో అన్నారు. కానీ పదాల భయంతో ల్యాబుకు పారిపోతే అక్కడ ల్యూకోసైట్, ఈసినోఫిల్, క్రియాటినిన్ ఎదురుచూస్తుంటాయి. ఈ పదాలు లేని చోటు వైద్యంలో ఎక్కడా లేదు. మానేస్తే ఒక ఏడాది పోతుంది, కట్టిన ఫీజు పోతుంది, సర్టిఫికెట్ల కోసం కళాశాల చుట్టూ తిరగాల్సి రావచ్చు. అయినా మానేయడానికి న్యాయమైన కారణం ఒకటి ఉంది. పదాలు పక్కన పెట్టు. రోగి ఒళ్లు తుడిచేటప్పుడు, వాంతి ఎత్తేటప్పుడు, రాత్రంతా మేలుకున్న మనిషి పక్కన నిలబడినప్పుడు ‘ఇది నా పని కాదు’ అని నీకు అనిపిస్తోందా? అనిపిస్తుంటే మానేయడంలో అవమానం లేదు, ఎంత త్వరగా అయితే అంత మంచిది. నీ ఉత్తరంలో ఆ జాడ నాకు కనబడలేదు. ఆ పెద్దాయన మత్తు దిగాక మంచినీళ్లు ఎప్పుడు ఇవ్వవచ్చో అడగడానికి నువ్వు రెండుసార్లు వెళ్లానని రాశావు. తెలియనిది అడగడం నీకు వచ్చు మరి.

మూడోది, ట్యూటర్‌తో మాట్లాడడం. దీనికి నువ్వు భయపడుతున్నావు, నీ మీద ముద్ర పడుతుందని. పడవచ్చు. ‘నాకు ఇంగ్లీషు రాదు మేడమ్’ అని వెళితే దాదాపు తప్పక పడుతుంది, ఎందుకంటే ఆ మాటకు ఎవరూ చేయగలిగింది ఏమీ లేదు. కచ్చితమైన కోరికతో వెళ్లు. ‘వార్డులో ఏదైనా చెప్పినప్పుడు నేను అర్థం చేసుకున్నది తిరిగి చెబుతాను మేడమ్, తప్పయితే సరిచేయండి’ అను. చెప్పింది తిరిగి వినిపించి సరిచూసుకోవడం అనుభవం ఉన్న నర్సులకూ విధించిన పద్ధతే, నీ కోసం కొత్తగా పెట్టమని అడగడం లేదు. ఆ సాయంత్రం ‘సిస్టర్, ఆయనకు పది తర్వాత నీళ్లు కూడా ఇవ్వకూడదు, అంతేనా?’ అని ఉంటే సరిపోయేది. ఇలా అడిగితే కొందరు విసుక్కుంటారు, ఒకరిద్దరు ‘ఇదీ తెలియదా’ అంటారు. అలా అన్నవాళ్లు కూడా అడిగిన పిల్లనే నమ్మి పని అప్పగిస్తారు, ఇది నేను చాలా వార్డుల్లో చూశాను. పెద్దగొంతు అవసరం లేదు, తప్పుల్లేని ఇంగ్లీషు అవసరం లేదు, తెలుగులోనే అడగవచ్చు.

ఆ స్టాఫ్ నర్సును ఏం చేయాలన్నది నీ ఇష్టం. వదిలేయవచ్చు, పోస్టింగ్ మారితే ఆవిడ కనబడరు. లేదా ఆవిడ తీరికగా ఉన్నప్పుడు వెళ్లి, ‘ఆ రోజు మీరు ఆపినందుకు కృతజ్ఞతలు సిస్టర్, నేను అడగాల్సింది. మీడియం మాట మాత్రం నన్ను బాధపెట్టింది’ అని చెప్పవచ్చు. దానికి ఆవిడ మెత్తబడవచ్చు, ముఖం తిప్పుకోవచ్చు, రెండింటికీ సిద్ధపడి వెళ్లు. అలాంటి మాటలు మళ్లీ మళ్లీ వస్తుంటే తేదీలతో రాసుకుని క్లాసు కోఆర్డినేటర్‌కు ఇవ్వు. ఒక్కసారి అన్నదానికి ఫిర్యాదు దాకా వెళితే మిగిలిన పోస్టింగులో వార్డంతా నీతో ముభావంగా ఉండే వీలుంది. అదీ లెక్కలో వేసుకో.

అమ్మకు చెప్పడానికి తొందర లేదు. దాచాననే బరువు నిద్ర పట్టనివ్వకపోతే మాత్రం చెప్పేయి. పండగకు వెళ్లినప్పుడు నాన్న ముందే ఇద్దరికీ కలిపి చెప్పు, ఎన్‌బీఎం అంటే ఏమిటో కూడా చెప్పు. మానేయాలా వద్దా అన్నది రెండో ఏడాది ఫీజు గడువు లోపల తేల్చుకుంటే చాలు. అప్పటికి రెండో సెమిస్టరు పరీక్షలు అయిపోతాయి, నోట్‌బుక్కు సగమైనా నిండి ఉంటుంది.

ఆ నోట్‌బుక్కు గురించే ఇంకొక్క జాగ్రత్త. అందులో రోగి పేరు, ఐపీ నంబరు, ఊరు ఏవీ రాయకు. ‘పొలమారిన పెద్దాయన’ అని రాసుకుంటే నీకు గుర్తుంటుంది, ఇతరులకు తెలియదు. తొందరలో ఉన్నా సరే కేస్ షీటును ఫోనులో ఫొటో తీయకు. చేత్తోనే రాసుకో.